‘ఎంట్‌ఆర్టెట్’: ఒక విశేషణం, రెండున్నర శతాబ్దాలు

జర్మనీలో చర్మవ్యాధుల డాక్టరు పుట్టుమచ్చను పరీక్షించి, ఇది ‘ఎంట్‌ఆర్టెట్’ అయ్యే ప్రమాదం ఉందని చెబితే రోగి భయపడతాడే గాని ఆ మాటను తప్పుపట్టడు. కణం దారి తప్పి క్యాన్సర్‌గా మారవచ్చని దాని అర్థం. అదే మాట ఒక రాజకీయ నాయకుడి నోటినుంచో మతగురువు నోటినుంచో వస్తే మర్నాడు పత్రికలన్నీ ఆయన మీద విరుచుకుపడతాయి. ఆస్పత్రిలో చెల్లే మాట సభలో ఎందుకు చెల్లదో తెలియాలంటే కనీసం రెండున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్ళాలి. ఐరోపా ఆలోచనాపరులు మనుషుల్ని రకాలుగా విడదీయడం నేర్చుకున్న కాలం నుంచి ఆ మనుషుల్ని ఏరిపారేసిన కాలం దాకా ఈ విశేషణం వాళ్ళ వెంటే నడిచింది.

ఇందులో ‘ఆర్ట్’ అనే భాగాన్ని చూసి మనం కళ అనుకుంటాం. జర్మన్‌లో ‘ఆర్ట్’ అంటే రకం, జాతి, స్వభావం. ముందున్న ‘ఎంట్’ తొలగిపోవడాన్ని చెబుతుంది. తన రకం నుంచి తొలగిపోయినది, జాతి తప్పినది ‘ఎంట్‌ఆర్టెట్’. మన ‘భ్రష్ట’ దానికి దగ్గరి చుట్టం. ఇంటివాళ్ళ పోలిక, నడత రాని పిల్లవాణ్ణి ‘ఆర్ట్ తప్పాడు’ అనే పలుకుబడి జర్మన్ ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. అందులో విసుగుంటుంది, ఒక్కోసారి ముద్దు కూడా ఉంటుంది. ఈ విశేషణం క్రియ నుంచి పుట్టింది, అదీ జరిగిపోయిన పనిని చెప్పే రూపం. ఒక వస్తువుకు దీన్ని తగిలించగానే రెండు సంగతులు రుజువు లేకుండానే స్థిరపడతాయి. ఆ వస్తువుకు ఒక సరైన మూలరూపం ఉందని ఒకటి, దాని నుంచి ఇది పడిపోయిందని రెండోది. ఆ మూలరూపం ఏమిటో, దాన్ని నిర్ణయించినవాడెవడో మాట చెప్పదు. దీని చరిత్రంతా ఆ చెప్పని చోటే జరిగింది.

మొదట్లో ఇది ప్రకృతి శాస్త్రజ్ఞుల పని. ఫ్రాన్స్‌లో బ్యూఫాన్ 1766లో జంతువులు భ్రష్టమవడం మీద ఒక సుదీర్ఘ వ్యాసం వేశాడు. వాతావరణం, తిండి, మనిషి పెంపకం కలిసి జంతువును దాని మూలరూపం నుంచి దూరం చేస్తాయన్నాడు. అమెరికా ఖండపు జంతువులు అందుకే చిన్నవిగా, బలహీనంగా ఉంటాయని ఆయన వాదం. థామస్ జెఫర్సన్‌కు ఇది నచ్చలేదు. పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్నప్పుడు, 1787లో, న్యూ హాంప్‌షైర్ నుంచి పెద్ద మూస్ దుప్పి కళేబరాన్ని ఓడలో తెప్పించి బ్యూఫాన్ ముందు పెట్టించాడు. జర్మనీలో గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో బ్లూమెన్‌బాఖ్ 1775లో లాటిన్‌లో రాసిన సిద్ధాంత గ్రంథం మనుషుల్ని ఇదే చూపుతో పరిశీలించింది. మనుషులంతా ఒకే జాతి, రంగురూపుల తేడాలు వాతావరణం వల్ల, జీవన విధానం వల్ల వచ్చిన మార్పులు అన్నాడాయన. ఆ మార్పును ‘డీజెనరేషన్’ అనే లాటిన్ మాటతోనే చెప్పాడు గాని అందులో హీనత్వం లేదు. పైగా ఆఫ్రికన్ రచయితల పుస్తకాలు సేకరించి, వాళ్ళ ప్రతిభను తక్కువ చేసేవాళ్ళకు జవాబుగా చూపించేవాడు. 1775లోనే కోనిగ్స్‌బర్గ్‌లో తత్వవేత్త కాంట్ ఈ ‘ఆర్ట్’ చుట్టూ నాలుగైదు మాటలు అల్లి మనుషుల తేడాలను వర్గీకరించాడు. అప్పటికింకా ఈ మాటకు విషం ఎక్కలేదు.

విషం వైద్యం నుంచి ఎక్కింది. రువాన్ దగ్గర పిచ్చాసుపత్రి నడిపిన బెనెడిక్ట్ మొరెల్ అనే ఫ్రెంచి వైద్యుడు 1857లో మనిషి జాతి భ్రష్టత మీద ఒక ఉద్గ్రంథం వెలువరించాడు. ఒక తరంలో నరాల బలహీనత, మరో తరంలో మూర్ఛ, ఆ తర్వాత పిచ్చి, చివరికి బుద్ధిమాంద్యం, వంధ్యత్వం, వంశనాశనం. ఇదీ ఆయన గీసిన మెట్ల వరస. దీనికి నిలబడే ఆధారాలు లేవు. అయినా పారిశ్రామిక నగరాల్లో పేదరికం, తాగుడు, నేరం పెరగడం చూసి బెదిరిన మధ్యతరగతికి ఇది చక్కటి వివరణగా కనిపించింది. ఆకలి, కూలి, మురికివాడ అనే కారణాలు వెతకనక్కర్లేదు, రక్తంలోనే దోషం ఉందంటే సరిపోతుంది. ఇటలీలో లాంబ్రోసో 1876లో నేరస్థుల పుర్రెలు, చెవులు కొలిచి పుట్టు నేరస్థుడనే సిద్ధాంతం చెప్పాడు. జర్మన్ మనోవైద్యులు మొరెల్ మాటను తమ భాషలోకి దింపుకున్నారు. అప్పటినుంచి ‘ఎంట్‌ఆర్టెట్’ ఒక రోగనిర్ధారణ అయింది.

దాన్ని ఆస్పత్రి నుంచి సాహిత్యంలోకి, చిత్రశాలలోకి తీసుకొచ్చినవాడు మాక్స్ నోర్దావ్. ఈయన కథ దగ్గర కాస్త ఆగాలి. 1849లో పెష్ట్ నగరంలో ఒక యూదు మతగురువు ఇంట పుట్టాడు. వైద్యం చదివి పారిస్‌లో స్థిరపడ్డాడు, జర్మన్‌లో రాసేవాడు. 1892-93లో రెండు సంపుటాలుగా వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘ఎంట్‌ఆర్టుంగ్’, అంటే భ్రష్టత. లాంబ్రోసోకు అంకితమిచ్చాడు. గురువు నేరస్థులకు వాడిన కొలబద్దను శిష్యుడు రచయితలకు, చిత్రకారులకు వాడాడు. వాగ్నర్, నీషే, ఇబ్సెన్, టాల్‌స్టాయ్, జోలా, వెర్లేన్, ఆస్కార్ వైల్డ్ అందరూ ఆయన లెక్కలో రోగులే. ఇంప్రెషనిస్టు చిత్రాల్లో రంగులు అలా అలలాడడానికి కారణం చిత్రకారుల కనుగుడ్లు వణకడమేనని నమ్మకంగా రాశాడు! మోనే, ఆయన తోటివాళ్ళు వెలుతురు మీద ఏళ్ళ తరబడి చేసిన సాధన ఆ వైద్యుడికి కంటిజబ్బుగా కనిపించింది. పుస్తకం ఐరోపా అంతటా చదివారు. 1895లో ఇంగ్లిష్ అనువాదం వచ్చింది, వైల్డ్ మీద కేసు నడిచింది కూడా ఆ ఏడే. జైల్లో పడ్డ వైల్డ్ 1896లో విడుదల కోరుతూ హోంశాఖకు పెట్టుకున్న విన్నపంలో, తనది నేరం కాదు జబ్బు అని చెప్పుకోవడానికి నోర్దావ్ పేరే ఉదహరించాల్సి వచ్చింది. బెర్నార్డ్ షా మాత్రం నోర్దావ్ వాదాన్ని పూసపూసగా విప్పి ఖండించాడు.

జర్మనీలో రేగిన యూదు ద్వేషాన్ని కూడా ఒక ఉన్మాదంగానే అదే పుస్తకంలో నోర్దావ్ నిర్ధారించాడు. 1897లో బేసెల్‌లో జరిగిన తొలి జియోనిస్టు మహాసభలో ఆ ఉద్యమ నాయకుడు హెర్జ్‌ల్ పక్కన నిలబడ్డాడు. 1923లో పారిస్‌లో చనిపోయాడు. తర్వాత పద్నాలుగేళ్ళకు నాజీలు ఆయన వ్యాప్తిలోకి తెచ్చిన మాటనే తీసుకుని యూదుల మీద, ఆధునిక కళ మీద ప్రయోగించారు. నోర్దావ్ ద్వేషి కాడు. శాస్త్రం మీద, క్రమశిక్షణ మీద నిజాయితీగా నమ్మకమున్న మనిషి. కానీ కళాకారుణ్ణి రోగి అనొచ్చు, ఆ తీర్పు చెప్పే హక్కు డాక్టరుకుంది అని చదువుకున్న సమాజాన్ని ఒప్పించింది ఆయనే. ఆ బాధ్యత నుంచి ఆయన్ను తప్పించలేం.

ఆ తర్వాతి మెట్టు 1928. పాల్ షుల్ట్సే-నౌంబుర్గ్ అనే వాస్తుశిల్పి ‘కళ, జాతి’ అనే పుస్తకంలో ఆధునిక చిత్రాల్లోని ముఖాల పక్కన వైకల్యాలున్న రోగుల ఫొటోలు అచ్చువేశాడు. రెండేళ్ళకు, 1930లో, తురింగియా రాష్ట్రంలో నాజీ మంత్రి ఫ్రిక్ ఆయన్నే వైమార్ కళాశాలకు అధిపతిని చేశాడు. అక్కడి కోట మ్యూజియం నుంచి క్లే, కాండిన్‌స్కీ, బార్లాఖ్ వంటి వారి 70 దాకా కృతులు మాయమయ్యాయి. హిట్లర్ అధికారానికి వచ్చిన ఏడే, 1933లో, డ్రెస్డెన్ పురభవనంలో ‘భ్రష్ట కళ’ పేరుతో ఒక ప్రదర్శన పెట్టి ఊరూరా తిప్పారు.

అసలు ఘట్టం 1937 మ్యూనిక్. జూన్ 30న ప్రచార మంత్రి గోబెల్స్ ఉత్తర్వు వచ్చింది. చిత్రకారుడు అడాల్ఫ్ త్సీగ్లర్ బృందం దేశంలోని మ్యూజియంలు గాలించి మూడు వారాలు తిరక్కుండానే సుమారు 650 కృతులు పోగుచేసింది. జులై 18న హిట్లర్ కొత్త భవనంలో ‘మహా జర్మన్ కళా ప్రదర్శన’ ప్రారంభించాడు. మర్నాడు, దానికి కూతవేటు దూరంలో, ఇరుకు గదుల్లో ‘భ్రష్ట కళ’ తలుపులు తెరుచుకుంది. చూడబోయినవాళ్ళు ఇరుకు మెట్లెక్కగానే ల్యూబెక్ చర్చి నుంచి తెచ్చిన లుడ్విగ్ గీస్ చెక్క శిలువ మీదికొచ్చినట్టు ఎదురయ్యేది. చిత్రాలు కొన్ని ఫ్రేములు లేకుండా, ఒకదానికొకటి ఆనుకుని, వంకరగా వేలాడాయి. గోడల మీద పెద్ద అక్షరాల్లో ఎగతాళి రాతలు. కొన్నిటి కింద మ్యూజియం చెల్లించిన ధర, ఇది కష్టజీవి పన్ను డబ్బు అనే వ్యాఖ్య. ఆ ధరల్లో కొన్ని 1923 నాటి ద్రవ్యోల్బణపు మార్కులు. అప్పుడు రొట్టె ముక్కకే లక్షలు, కోట్లు పలికేవి. ఆ సంగతి చెప్పకుండా అంకె మాత్రం చూపించి జనాన్ని రెచ్చగొట్టారు. ప్రవేశం ఉచితం, పిల్లలకు మాత్రం అనుమతి లేదు. నవంబరు దాకా 20 లక్షల మందికి పైగా చూశారు. హిట్లర్ ముచ్చటపడి పెట్టిన పక్క ప్రదర్శనకు అందులో మూడో వంతు మంది కూడా రాలేదు.

అక్కడ ప్రదర్శించిన 112 మంది కళాకారుల్లో యూదులు ఆరుగురే. ఫ్రాంజ్ మార్క్ అయితే మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున పోరాడి 1916లో వెర్డన్ దగ్గర ప్రాణం పెట్టినవాడు. మాజీ సైనికాధికారుల సంఘం అభ్యంతరం చెప్పడంతో ఆయన ‘నీలి గుర్రాల గోపురం’ చిత్రాన్ని ప్రదర్శన నుంచి తీశారు. అది నాజీ నేత గోరింగ్ చేతికి వెళ్ళింది, 1945 నుంచి ఆచూకీ లేదు. శిల్పి రుడాల్ఫ్ బెల్లింగ్ చేసిన బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ విగ్రహం హిట్లర్ మెచ్చిన ప్రదర్శనలో ఉంది. ఆయనే చేసిన మరో రెండు శిల్పాలు అదే వారం ‘భ్రష్ట’ గదుల్లో ఉన్నాయి. ఒకే చేయి ఒకే ఊళ్ళో ఒకే రోజున శ్రేష్ఠమూ అయింది, భ్రష్టమూ అయింది. మాక్స్ బెక్మన్ రేడియోలో హిట్లర్ ప్రసంగం విని, ఈ ప్రదర్శన మొదలైన నాడే రైలెక్కి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళిపోయాడు. మళ్ళీ జర్మనీలో అడుగుపెట్టలేదు. కిర్ష్నర్ కృతులు 639 జప్తయ్యాయి. ఆయన 1938 జూన్ 15న స్విట్జర్లాండ్‌లోని దావోస్ దగ్గర ఆత్మహత్య చేసుకున్నాడు.

ఈ వలలో మన రవీంద్రుడూ పడ్డాడు. 1930లో ఆయన చిత్రాలు బెర్లిన్‌లో ఫెర్డినాండ్ మోలర్ గ్యాలరీలో ప్రదర్శించినప్పుడు ఐదు చిత్రాలు అక్కడి నేషనల్ గ్యాలరీకి చేరాయి. 1937 జప్తుల్లో వాటినీ ‘భ్రష్టం’ కింద తొలగించారు. కొద్దికాలానికే, జప్తు చేసిన సరుకును విదేశాల్లో అమ్మిపెట్టడానికి ప్రభుత్వం నియమించిన నలుగురు వ్యాపారుల్లో ఆ మోలరే ఒకడయ్యాడు.

1938 మే 31న ఈ జప్తులకు చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని ఎంత వెతికినా ‘భ్రష్ట కళ’ అంటే ఏమిటో నిర్వచనం దొరకదు. నాయకుడు నియమించిన కార్యాలయం ఏది భ్రష్టమని తేలిస్తే అది భ్రష్టం, దాన్ని పరిహారం లేకుండా స్వాధీనం చేసుకోవచ్చు. అంతే. మూలరూపం ఏమిటో చెప్పని విశేషణం ఆ రోజున తన అసలు యజమానిని చేరింది. అర్థం నిఘంటువులో లేదు, ఆఫీసు ముద్రలో ఉంది.

ఆ ఆఫీసు తయారుచేసిన టైపు జాబితా ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. పూర్తిగా మిగిలింది అదొక్కటే. ఆఖెన్ నుంచి స్వికావ్ దాకా ఊళ్ళ పేర్లు అక్షర క్రమంలో, ఒక్కో ఊరి కింద మ్యూజియం, చిత్రకారుడు, కృతి పేరు. మొత్తం 16 వేలకు పైగా పద్దులు. ఒక్కో పద్దు చివర ఒకే అక్షరం. ‘వి’ అంటే అమ్మారు, ‘టి’ అంటే మార్పిడి చేశారు, ‘కె’ అంటే కమీషన్ మీద వ్యాపారికిచ్చారు, ‘ఎక్స్’ అంటే నాశనం చేశారు. 1939 మార్చి 20న బెర్లిన్ అగ్నిమాపక కేంద్రం ఆవరణలో సుమారు 5 వేల కృతుల్ని కాల్చేశారని అప్పటి కాగితాలు చెబుతున్నాయి. విదేశీ మారకం తెచ్చేవాటిని మాత్రం భద్రంగా దాచారు. అదే ఏడు జూన్ 30న స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో 125 కృతులు వేలానికి పెట్టారు. గోగాన్‌కు అంకితమిచ్చిన వాన్ గో స్వీయచిత్రం 1,75,000 స్విస్ ఫ్రాంకులకు పోయింది. ఇప్పుడది అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. కళను చెడిపోయినదన్నవాళ్ళకు దాని ధర మాత్రం కచ్చితంగా తెలుసు.

చిత్రాలకు వాడిన మాట మనుషుల దాకా వెళ్ళిన తీరు ఒక్క జీవితంలో చూడొచ్చు. ఎల్‌ఫ్రీడె లోజె-వెఖ్ట్లర్ 1899లో డ్రెస్డెన్ ప్రాంతంలో పుట్టిన చిత్రకారిణి. 1929లో మానసికంగా కుంగిపోయి హాంబర్గ్ ఆస్పత్రిలో చేరినప్పుడు తోటి రోగుల ముఖాలు గీసింది. షుల్ట్సే-నౌంబుర్గ్ తన పుస్తకంలో రోగుల ముఖాల్ని నేరసాక్ష్యంగా అచ్చువేసిన మరుసటి ఏడు అది. ఆమె గీసిన ముఖాల్లో అలసట ఉంది, మొండితనం ఉంది, ఒక్కో మనిషికి ఒక్కో వ్యక్తిత్వం ఉంది. 1932లో ఆమెను సాక్సనీలోని ఆర్న్స్‌డోర్ఫ్ మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1933 జులై 14న వచ్చిన చట్టం వంశపారంపర్య రోగులనే ముద్రతో సుమారు 4 లక్షల మందికి బలవంతంగా సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయించింది. 1935లో ఆమెకూ చేశారు. అక్కడితో ఆమె బొమ్మలు గీయడం ఆగిపోయింది. 1937లో ఆమె చిత్రాల్ని ‘భ్రష్ట కళ’గా జప్తు చేశారు. 1940 జులై 31న పిర్నా-సోన్నెన్‌స్టైన్ కేంద్రంలో ఆమెను విషవాయువుతో చంపారు. మొరెల్ గీసిన మెట్లలో చివరిది వంశనాశనం. ప్రకృతి చేయని ఆ పనిని ప్రభుత్వం చేతుల్లోకి తీసుకుంది.

సరిగ్గా ఈ కాలంలోనే ఈ మాటకు మరో జీవితం కూడా నడిచింది. 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ పంపిన పరిశోధనా పత్రాన్ని ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చువేయించాడు. దాని ఆధారంగా తాను రాసిన పత్రాల్లో, ఆదర్శ వాయు నియమం నుంచి తప్పుకునే వాయువు స్థితికి ‘ఎంట్‌ఆర్టుంగ్’ అన్నాడు. డిగ్రీ ఫిజిక్స్‌లో మన పిల్లలు చదివే ‘డీజెనరసీ’ ఈ కుటుంబానిదే. 1930లో పంతొమ్మిదేళ్ళ చంద్రశేఖర్ బొంబాయి నుంచి ఓడెక్కి, దారి పొడవునా తెల్ల మరుగుజ్జు నక్షత్రాల మీద లెక్కలు చేశాడు. ఆ నక్షత్రాలు కుప్పకూలకుండా నిలబెట్టేది వాటిలోని ‘డీజెనరేట్’ ఎలక్ట్రాన్ల పీడనమే. సూర్యుడికి దాదాపు 1.4 రెట్ల ద్రవ్యరాశి దాటితే అదీ నిలబెట్టలేదని ఆయన తేల్చాడు. భౌతికశాస్త్రంలో ఈ విశేషణం ఎవరికీ హాని చేయలేదు. అక్కడ దేని నుంచి తప్పిందో ఆ సమీకరణం అందరి ముందూ ఉంటుంది. ఢాకా కుర్రాడైనా బెర్లిన్ ప్రొఫెసరైనా అదే లెక్క వేసి సరిచూసుకోవచ్చు.

యుద్ధం ముగిశాక విక్టర్ క్లెంపెరర్ 1947లో నాజీల భాష మీద తన పుస్తకం తెచ్చాడు. డ్రెస్డెన్‌లో యూదుడిగా పన్నెండేళ్ళు నరకం చూస్తూ డైరీలో ఒక్కో మాట రాసుకున్న ఆచార్యుడాయన. ప్రసంగాలకన్నా రోజువారీ మాటలే జనం మనసులోకి ఎక్కువగా ఇంకాయని ఆయన చూపించాడు. అయినా కళాలోకంలో లెక్క అంత తేలిగ్గా తెగలేదు. 1938 చట్టాన్ని మిత్రరాజ్యాలు రద్దు చేయలేదు. మ్యూజియంలు పోగొట్టుకున్నవి పోగొట్టుకున్నట్టే ఉన్నాయి, అమ్మకాలు చెల్లాయి. 1955లో కాసెల్‌లో మొదటి డాక్యుమెంటా ప్రదర్శన నాజీలు వెలివేసిన వాళ్ళను సగౌరవంగా గోడల మీదికి తెచ్చింది. అప్పటినుంచి తిట్టుగా పుట్టిన విశేషణం మెడలో పతకమైంది.

ఆ పతకం కూడా కొన్ని నిజాల్ని కప్పేసింది. చిత్రకారుడు ఎమిల్ నోల్డె కృతులు 1,052 జప్తయ్యాయి, అందరికన్నా ఎక్కువ ఆయనవే. 1941లో వృత్తి నిషేధం కూడా విధించారు. యుద్ధం తర్వాత ఆయన అమరవీరుడిగా చలామణి అయ్యాడు. కానీ నోల్డె నాజీ పార్టీ సభ్యుడు, యూదులను ద్వేషించినవాడు. 2019లో బెర్లిన్‌లో జరిగిన ప్రదర్శన ఆ సంగతుల్ని పత్రాలతో సహా బయటపెట్టింది. అప్పటి చాన్సలర్ మెర్కెల్ తన కార్యాలయంలోని నోల్డె చిత్రాలు రెండూ తిప్పి పంపేశారు. ఒక ప్రభుత్వం అచ్చువేసిన విశేషణాన్ని తిరగేసి చదివినా మనిషి గురించి నిజం తెలియదని ఆయన ఉదంతం చెబుతోంది.

2007లో కొలోన్‌లో కార్డినల్ మైస్నర్ కొత్త మ్యూజియం సందర్భంగా ప్రసంగిస్తూ దైవారాధన నుంచి విడిపోయిన సంస్కృతికి ఈ మాట వాడితే దేశమంతా దుమారం రేగింది. 2013 ఎన్నికల రాత్రి ఏఎఫ్‌డీ పార్టీ నేత బెర్న్ట్ లుకె ప్రజాస్వామ్యం గురించి మాట్లాడుతూ దీన్నే వాడి విమర్శల పాలయ్యాడు. మాటే కాదు, అది వెలివేసిన కృతులు కొన్ని కూడా మళ్ళీ పైకి తేలాయి. 2010లో బెర్లిన్‌లో నగరపాలక భవనం ఎదుట మెట్రో రైలు కోసం తవ్వుతుంటే జప్తయిన శిల్పాలు 11 శిథిలాల్లోంచి బయటపడ్డాయి. బాంబుల్లో కాలి నల్లబడిన వాటిని శుభ్రం చేసి మ్యూజియంలో పెట్టారు.

ఇవాళ జర్మన్ రచయితలు, మ్యూజియంలు ‘భ్రష్ట కళ’ అనే మాటను కొటేషన్ గుర్తుల మధ్యే రాస్తారు. ఇది ఎవరో పెట్టిన పేరు, మేం పెట్టింది కాదు అని ఆ రెండు గుర్తులు చెబుతాయి. తెలుగులో ఈ చరిత్ర గురించి రాసేవాళ్ళు, అనువదించేవాళ్ళు ఆ గుర్తుల్ని వదలొద్దని నా మనవి. వాటితోపాటు ఆ ముద్ర వేసిందెవరో, ఎప్పుడు వేశారో కూడా రాయండి.